క్యాంపర్ ట్రైలర్‌లో గ్యాస్ ఫ్రిజ్ చల్లబడకపోతే: ఏది ముందు చూడాలి, ఏది తర్వాత

కారు వెనక తగిలించుకుని భీమిలికో అరకుకో తీసుకెళ్ళే చిన్న క్యాంపర్ ట్రైలర్‌లో, వంట గ్యాస్ మంటతో నడిచే గ్యాస్ ఫ్రిజ్ మొరాయిస్తే, విశాఖలో ఫ్రిజ్ మెకానిక్ దగ్గర తరచూ వినిపించే మాట "గ్యాస్ పట్టించాలండీ" అని. ఇంట్లో ఫ్రిజ్‌కైతే అది సరైన మాటే కావచ్చు. ఈ ఫ్రిజ్‌కి మాత్రం కాదు. దీనికి కంప్రెసర్ లేదు, గ్యాస్ పట్టించే వాల్వు లేదు. వెనకాల కనిపించే పైపులన్నీ ఫ్యాక్టరీలో ఒకేసారి నింపి, వెల్డింగ్ చేసి మూసేసినవి. వాటికి చిల్లు పెడితే ఫ్రిజ్ పోతుంది, చిల్లు పెట్టిన మనిషికీ ప్రమాదమే.

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: చల్లబడటం లేదని పక్కన పెట్టేసిన గ్యాస్ ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ పైపుల్లో ఏ లోపమూ ఉండదు. లోపం కింద మంటలోనో, వెనక గాలిలోనో, ట్రైలర్‌ని నిలబెట్టిన తీరులోనో ఉంటుంది. ఈ మూడూ ఓపికుంటే మనమే చూసుకోగలం. కాకపోతే వరస తప్పకూడదు. వరస తప్పితే మంచి పార్టు మార్చేసి, చెడ్డ పార్టుని అలాగే వదిలేస్తాం.

మంట పెడితే చల్లదనం ఎలా వస్తుంది

1922లో స్టాక్‌హోంలో బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ మూలం అదే. పైపుల్లో అమ్మోనియా, నీళ్ళు, హైడ్రోజన్ ఉంటాయి. కింద చిన్న మంట బాయిలర్‌ని వేడి చేస్తుంది. నీళ్ళలో కలిసి ఉన్న అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన రేకుల మధ్య ఉన్న కండెన్సర్‌లో తన వేడిని బయటి గాలికి వదిలేసి ద్రవంగా మారుతుంది. అక్కడి నుంచి ఫ్రిజ్ లోపలి భాగంలోకి జారి, హైడ్రోజన్ ఉన్నచోట మళ్ళీ ఆవిరవుతూ లోపలి వేడిని లాగేసుకుంటుంది. చివరికి కింది చుట్టల్లో నీళ్ళలో కలిసిపోయి బాయిలర్‌కి తిరిగొస్తుంది. ఇంత పనీ చేయించేది మంట వేడి, భూమి ఆకర్షణ. కదిలే భాగం ఒక్కటీ లేదు.

ఇది అర్థమైతే సగం పని అయినట్టే. మంట సరిగ్గా లేకపోతే ఆవిరి పుట్టదు. వెనక గాలి ఆడకపోతే ఆవిరి ద్రవం కాదు. ఫ్రిజ్ ఒరిగి ఉంటే ద్రవం కిందికి జారదు.

ముందు జాగ్రత్తలు

పానా పట్టుకునే ముందు సిలిండర్ కట్టేయండి, తలుపులూ కిటికీలూ తెరవండి. ఎల్‌పీజీ గాలికంటే బరువైనది. లీకైతే పైకి పోదు, ట్రైలర్ నేలమీద చేరి అక్కడే ఉంటుంది. ఈ సంగతి విశాఖ వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై పేలి, పదుల సంఖ్యలో ప్రాణాలు పోయిన ఊరు మనది. కాబట్టి వాసన వస్తే లైటు స్విచ్ వెయ్యొద్దు, తియ్యొద్దు. అందర్నీ బయటికి పంపి, దూరంగా వెళ్ళాక 1906కి ఫోన్ చెయ్యండి. అది గ్యాస్ లీకుల కోసం ఉన్న అత్యవసర నంబరు.

రబ్బరు పైపు నారింజ రంగు సురక్షా పైపే అయి ఉండాలి. దానిమీద తేదీ అచ్చు వేసి ఉంటుంది, ఐదేళ్ళు దాటితే మార్చేయాలి. ఉప్పు గాలిలో పెట్టిన ట్రైలర్‌కైతే క్లిప్పులు అంతకంటే ముందే తుప్పు పడతాయి, వాటిని ఏటా చూసుకోండి. ఏ జాయింట్ విప్పి బిగించినా సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో చూసే అలవాటు ఇంకా కొందరికి ఉంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు. సిలిండర్ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి, పడుకోబెడితే ద్రవ గ్యాసే పైపులోకి వస్తుంది.

ట్రైలర్‌లో గ్యాస్ అలారం నేలకి దగ్గరగా పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వేరే అలారం కావాలి, అది మనం పడుకునే ఎత్తులో ఉండాలి. ఈ రెండూ లేని ట్రైలర్‌లో రాత్రిపూట గ్యాస్ ఫ్రిజ్ నడపకూడదని నా అభిప్రాయం.

మొదటి మెట్టు: రసమట్టం

తాపీ మేస్త్రి వాడే చిన్న రసమట్టం ఒకటి ట్రైలర్‌లో పడేసి ఉంచండి. ఫ్రీజర్ అరలో నేలమీద పెట్టి అటూ ఇటూ ఒకసారి, ముందుకీ వెనక్కీ ఒకసారి చూడండి. మామూలుగా పక్కలకి 3 డిగ్రీలు, ముందు వెనకలకి 6 డిగ్రీల వరకూ ఈ ఫ్రిజ్‌లు ఓర్చుకుంటాయి. మీ మోడల్ పుస్తకంలో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

బీచ్ దగ్గర ఇసుకలో నిలబెట్టినప్పుడు సాయంత్రానికి ఒక చక్రం కిందికి దిగిపోతుంది. పొద్దున్న సరిగ్గానే ఉందిగా అని వదిలేస్తాం. చక్రాల కింద చెక్క పలకలు వేసి, రెండు మూడు గంటలకోసారి చూసుకుంటే సరిపోతుంది. నడిరోడ్డు మీద కదులుతున్నప్పుడు ఒంపు గురించి టెన్షన్ అక్కర్లేదు, కుదుపులకి ద్రవం సర్దుకుంటూ ఉంటుంది. అసలు ప్రమాదం కదలకుండా, ఒరిగి, గంటల తరబడి మండటం. అప్పుడు బాయిలర్‌లో ద్రవం తగ్గి గొట్టం అతిగా కాలుతుంది. తుప్పు పట్టకుండా లోపల కలిపిన రసాయనం గడ్డకట్టి దారి మూసేస్తుంది. అలా మూసుకున్న గొట్టాన్ని విప్పి బాగుచెయ్యడం కుదరదు.

రెండో మెట్టు: కరెంటు మీద ఒక రాత్రి

ఈ పరీక్ష దాటకుండా బర్నరు జోలికి వెళ్ళొద్దు. చాలా ఫ్రిజ్‌లు మూడు రకాలుగా నడుస్తాయి: గ్యాస్, ఇంటి కరెంటు, 12 ఓల్టుల బ్యాటరీ. మూడింటి పనీ ఒకటే, బాయిలర్‌ని వేడి చెయ్యడం. అందుకని గ్యాస్ కట్టేసి, ట్రైలర్‌ని సమంగా నిలబెట్టి, ఇంటి కరెంటు ఇచ్చి ఒక రాత్రంతా వదిలేయండి. లోపల ఒక గ్లాసు నీళ్ళలో థర్మామీటర్ పెట్టి తలుపు మూయండి. ఇంట్లో ఫ్రిజ్‌లా గంటలో చల్లబడదు, ఆరు నుంచి పన్నెండు గంటలు ఇవ్వాలి.

పొద్దున్నకి నీళ్ళు బాగా చల్లబడితే పైపులు ఆరోగ్యంగా ఉన్నట్టే, లోపం గ్యాస్ వైపే ఉంది. చల్లబడకపోతే వెనక మూత తీసి బాయిలర్ దగ్గర వేడి ఉందో లేదో చూడండి, తాకొద్దు, చేయి దగ్గరగా పెడితే తెలుస్తుంది. వేడే లేకపోతే హీటర్ కడ్డీ పోయి ఉండొచ్చు. ప్లగ్ తీసేసి మల్టీమీటర్‌తో కొలవండి. 230 ఓల్టుల మీద 125 వాట్ల కడ్డీకి 420 ఓమ్‌ల చుట్టుపక్కల రావాలి. 12 ఓల్టుల మీద 120 వాట్ల కడ్డీకి 1.2 ఓమ్ రావాలి. ఏమీ చూపించకపోతే కడ్డీ తెగినట్టు. బాయిలర్ వేడిగా ఉన్నా చల్లబడకపోతే కింద వెనక గాలి గురించీ, ఆ తర్వాత చివరి భాగంలోనూ చెప్పినవి చూడండి.

విదేశాల నుంచి తెచ్చిన సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ అయితే ప్లగ్ పెట్టే ముందు లోపల గోడమీద వివరాలు అచ్చు వేసి ఉన్న ప్లేటు తప్పక చదవండి. అమెరికా ఫ్రిజ్ అయితే దాని కడ్డీ 120 ఓల్టులది. మన 230 ఇస్తే దాదాపు నాలుగు రెట్ల వేడి పుట్టి కడ్డీ కాలిపోతుంది.

12 ఓల్టుల మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు. ఆ కడ్డీ సుమారు 10 ఆంపియర్లు లాగుతుంది, కారు ఆపి ఉంటే కొన్ని గంటల్లో బ్యాటరీ దిగిపోతుంది. పైగా సన్న వైరు వేసి ఉంటే 12 ఓల్టులకి బదులు 10.5 అందుతాయి, అంతమాత్రానికే వేడి నాలుగో వంతు తగ్గిపోతుంది. కారు నడుస్తున్నప్పుడు ఉన్న చల్లదనాన్ని నిలబెట్టడానికే ఆ ఏర్పాటు.

మూడో మెట్టు: గ్యాస్ అందుతోందా

పక్కనే ఉన్న స్టవ్ వెలిగించండి. మంట బలంగా, నీలంగా ఉంటే సిలిండర్, రెగ్యులేటర్ వరకూ పరవాలేదు. స్టవ్ బాగా మండుతుండగా ఫ్రిజ్ కూడా వెలిగించి, స్టవ్ మంట ఒక్కసారిగా తగ్గిపోతే రెగ్యులేటర్‌ని అనుమానించాలి.

మన ఇళ్ళలో వాడే రెగ్యులేటర్ 30 మిల్లీబార్ల ఒత్తిడి ఇస్తుంది. యూరప్ ఫ్రిజ్‌లు చాలావరకూ దానికే తయారైనవి, ప్లేటుమీద 30 మిల్లీబార్లు అని ఉంటుంది. గ్యాస్ స్టవ్ మెకానిక్‌ ఎవరైనా పారదర్శకమైన పైపుని యూ ఆకారంలో వంచి నీళ్ళు పోసి ఈ ఒత్తిడి కొలవగలరు. ఫ్రిజ్ మండుతుండగా రెండు వైపులా నీటి మట్టాల మధ్య తేడా 30 సెంటీమీటర్లు ఉండాలి. ఇరవైకి పడిపోతే బర్నరు ఎంత శుభ్రం చేసినా లాభం లేదు. టిఫిన్ బండ్ల దగ్గర వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్‌ని మాత్రం ఎవరు సలహా ఇచ్చినా తగిలించొద్దు. అది ఈ చిన్న బర్నరుకి తట్టుకోలేనంత ఒత్తిడి ఇస్తుంది.

విదేశాల్లో ఈ ఫ్రిజ్‌లు ఎక్కువగా ప్రొపేన్ మీద నడుస్తాయి. మన సిలిండర్‌లో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. దీనివల్ల రెండు తేడాలు వస్తాయి. ఒకటి, ప్రొపేన్‌కి సరిపడే జెట్టు (గ్యాస్ బయటికొచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) పెట్టిన ఫ్రిజ్‌లో మంట కాస్త పసుపుకి తిరిగి మసి పట్టొచ్చు. రెండోది కొండమీద తెలుస్తుంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నాకి కొంచెం కింద మాత్రమే. డిసెంబర్, జనవరి నెలల్లో లంబసింగిలో తెల్లవారుజామున సిలిండర్ అడుగంటి ఉంటే మిగిలింది ఎక్కువగా బ్యూటేనే, అది ఆ చలికి బద్ధకంగా లేస్తుంది. మంట నీరసంగా ఉంటే ఫ్రిజ్‌ని తిట్టుకోకుండా ఎండ వచ్చేదాకా ఆగండి, లేదా నిండు సిలిండర్ మార్చండి. సిలిండర్‌కి వేడినీళ్ళు పొయ్యడం, మంట చూపించడం లాంటి పనులు వద్దే వద్దు. ఇంకో సంగతి, 1000 మీటర్లు దాటిన ఎత్తులో వెలిగించడం కష్టమవుతుందని కొన్ని ఫ్రిజ్ కంపెనీలు పుస్తకాల్లోనే రాస్తాయి. అనంతగిరి ఘాట్ ఎక్కాక ఒకటికి రెండుసార్లు నొక్కాల్సివస్తే కంగారు పడక్కర్లేదు.

నాలుగో మెట్టు: బర్నరు, పొగగొట్టం

సముద్రం పక్కన ఉండే ట్రైలర్లలో నేను మొదట అనుమానించేది ఇక్కడే. బయటి కింది మూత తీస్తే చిన్న రేకు పెట్టె కనిపిస్తుంది, దానిలో బొటనవేలంత బర్నరు ఉంటుంది. దానిపైన నిటారుగా ఒక పొగగొట్టం, ఆ గొట్టంలో మెలి తిరిగిన ఒక రేకు తీగకి వేలాడుతూ ఉంటుంది. వేడి గాలి సర్రున పైకి పోకుండా గొట్టం గోడలకి తగిలేలా తిప్పడం దాని పని.

ఉప్పు గాలికి ఈ గొట్టం లోపల తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది. గతుకుల రోడ్డు మీద ట్రైలర్ ఊగినప్పుడల్లా ఆ పొరలు రాలి సరిగ్గా బర్నరు గాట్ల మీద పడతాయి. చూస్తే టీపొడి చల్లినట్టు ఉంటుంది. మంట వెలుగుతుంది, శబ్దం కూడా బాగానే ఉంటుంది, కానీ ఒకవైపుకి వంగి పసుపు నాలుకలు చాపుతుంది. బాయిలర్‌కి అందాల్సిన వేడి సగం పక్కకి పోతుంది. ఫ్రిజ్ చల్లబడుతుంది గానీ చాలదు. పాలు సాయంత్రానికి విరుగుతాయి.

శుభ్రం చెయ్యడానికి గ్యాస్ కట్టేసి గంటసేపు చల్లారనివ్వండి. పై మూత తీసి మెలి రేకుని తీగతో సహా పైకి లాగండి. తీగ పొడవు మార్చొద్దు, రేకు బర్నరు నుంచి ఎంత ఎత్తులో ఉండాలో ఆ పొడవే చెబుతుంది. బర్నరు మీద తడిగుడ్డ కప్పి, గొట్టంలో పట్టేంత తీగ బ్రష్‌ని పైనుంచి కిందికి నాలుగైదు సార్లు దింపండి. తర్వాత గుడ్డ తీసి, బర్నరు గాట్లని పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గాలి పీల్చుకునే రంధ్రాల్లో సాలీడు గూడు కట్టిందేమో చూడండి. కొన్నాళ్ళు వాడకుండా పెట్టిన ట్రైలర్‌లో ఇది మామూలే.

ఇక జెట్టు. ఇత్తడిది, గింజంత ఉంటుంది, మధ్యలో కంటికి ఆనీ ఆనని రంధ్రం. దాన్లోకి సూది, తీగ, పిన్నీసు ఏదీ పోనివ్వకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువై మసి మంట వస్తుంది, ఆ జెట్టు ఇక పనికిరాదు. రెండు పానాలతో విప్పి, సర్జికల్ స్పిరిట్‌లో గంట నానబెట్టి, గాలికి ఆరనిచ్చి, వెలుతురులో పెట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా కనిపిస్తే చాలు. తిరిగి బిగించాక సబ్బు నురగ పరీక్ష తప్పనిసరి.

వెలిగించాక మంట నీలంగా, నిటారుగా, నిలకడగా ఉండాలి. ఇంత చేశాక కూడా పసుపు మంటే వస్తుంటే ఫ్రిజ్ నడపొద్దు, ఆ మంట కార్బన్ మోనాక్సైడ్ పుట్టిస్తుంది. గ్యాస్ పనిలో అనుభవం ఉన్న మనిషికి చూపించండి.

వెలిగి ఆరిపోతుంటే

నాబ్ నొక్కి పట్టుకున్నంతసేపూ మండి, వదలగానే ఆరిపోతోందంటే అది థర్మోకపుల్ వ్యవహారం. మంటలో మునిగి ఉండే రాగి తీగలాంటి ముక్క అది. వేడెక్కితే 20, 30 మిల్లీఓల్టుల కరెంటు పుట్టిస్తుంది, గ్యాస్ వాల్వుని తెరిచి ఉంచేది ఆ కరెంటే. మంట ఆరితే వాల్వు దానంతటదే మూసుకుంటుంది. అంటే అది మన ప్రాణాలకి కాపలా. నాబ్‌ని టేపుతో నొక్కిపెట్టేవాళ్ళు ఉన్నారు. ఆ పని ఎవరూ చెయ్యకూడదు.

ముందు నాబ్‌ని ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి, సిలిండర్ మార్చిన తర్వాతైతే పైపులో గాలి పోవడానికి ఇంకాస్త. అప్పటికీ నిలవకపోతే థర్మోకపుల్ కొన మంటలో సరిగ్గా ఉందో లేదో చూడండి. కొన మసి తుడిచి, వాల్వు వైపు కొసని ఎమరీ పేపరుతో ఒక్కసారి రుద్ది చేత్తో బిగించి, పానాతో పావు తిప్పు ఇవ్వండి. దానితో బాగుపడకపోతే మార్చేయండి, పెద్ద ఖరీదైన పార్టు కాదు. స్పార్కే రాకపోతే స్పార్కు కడ్డీ కొనకీ బర్నరుకీ మధ్య సందు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్లు ఉందో లేదో, ఆ కడ్డీ చుట్టూ ఉన్న పింగాణీ పగిలిందేమో చూడండి.

మధ్యాహ్నం మాత్రమే ఆరిపోతోందా? రుషికొండ వైపు ఆ వేళకి సముద్రపు గాలి గట్టిగా వీస్తుంది. వెంట్లు, అంటే ఫ్రిజ్ వెనక గాలి ఆడటానికి బయటి గోడకి పెట్టిన జాలీలు, ఉన్న పక్క సముద్రానికి ఎదురుగా ఉంటే ఆరిపోవడంలో వింత లేదు. ట్రైలర్‌ని తిప్పి పెట్టండి.

వెనక గాలి

ప్లేటుమీద వాతావరణ తరగతి రాసి ఉంటుంది. ఎన్ అంటే 32 డిగ్రీల వరకూ, ఎస్‌టీ అంటే 38 వరకూ, టీ అంటే 43 వరకూ పనిచేసేలా తయారైందని అర్థం. ఎన్ తరగతి ఫ్రిజ్ మే నెలలో విశాఖలో తడబడితే అది లోపం కాదు, దాని పరిమితి. ఆ అంకె ఫ్రిజ్ చుట్టూ ఉన్న గాలిది అని గుర్తుంచుకోవాలి. మూసుకుపోయిన అరలో అది బయటికంటే ఎంతో ఎక్కువగా ఉంటుంది.

కింది వెంటు నుంచి చల్లగాలి వచ్చి, రేకుల మధ్యగా పైకి పోయి, పై వెంటు నుంచి బయటపడాలి. స్థానికంగా కట్టించిన ట్రైలర్లలో తప్పు ఇక్కడే జరుగుతుంది. ఫ్రిజ్‌కీ వెనక గోడకీ మధ్య వెడల్పు ఖాళీ వదిలేస్తారు, గాలి రేకుల్ని తాకకుండా పక్కనుంచి పోతుంది. లేదా ఫ్రిజ్ పైన ఖాళీ ఉంచుతారు, వేడి అక్కడ నిలిచిపోతుంది. అల్యూమినియం రేకు వంచి గాలిని కండెన్సర్ వైపు మళ్ళిస్తే, పై ఖాళీని పై వెంటు వైపు వాలుగా మూసేస్తే ఫ్రిజ్ తీరే మారిపోతుంది. మంట దగ్గర థర్మోకోల్, స్పాంజి లాంటివి వాడకండి. పై వెంటు దగ్గర ఒక 12 ఓల్టుల కంప్యూటర్ ఫ్యాన్ బయటికి వీచేలా బిగించండి. మన ఉక్కకి ఇంతకంటే చవకైన మందు లేదు. దోమల కోసం వెంటుకి సన్నటి జాలీ కొట్టి ఉంటే నెలకోసారి దుమ్ము దులపండి. పడమటి ఎండ వెంట్ల పక్కన పడకుండా ట్రైలర్ నిలపండి.

లోపలి సంగతులు త్వరగా చూసేయొచ్చు. తలుపు రబ్బరు మధ్య పది రూపాయల నోటు పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. ఐసు వేలి మందం పేరుకుంటే ఆపి కరిగించాలి. బయల్దేరే ముందు రోజు రాత్రే ఇంటి కరెంటు మీద చల్లబరిచి, ఇంటి ఫ్రిజ్‌లో చల్లబడినవే సర్దాలి. వేడి సాంబారు గిన్నె పెట్టి సాయంత్రానికి చల్లటి నీళ్ళు ఆశించకూడదు. చేపలూ రొయ్యలూ కొన్నప్పుడు ఐసు డబ్బా వేరే ఉంచుకోండి, ఈ ఫ్రిజ్ మీద వాటి భారం పెట్టొద్దు.

అన్నీ చూశాక కూడా చల్లబడకపోతే

ఫ్రిజ్ లోపల అమ్మోనియా ఘాటు వాసన ఉన్నా, వెనక పైపుల మీద పసుపు పొడి కనిపించినా కథ అయిపోయినట్టే. గ్యాస్, కరెంటు రెండూ తీసేయండి. ఆ పసుపు పొడి విషం, తుప్పు నిరోధానికి వాడే క్రోమేట్. ఒట్టి చేత్తో తుడవొద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. లోపల అమ్మోనియాతోపాటు మండే హైడ్రోజన్ ఒత్తిడితో ఉంటుంది కాబట్టి గ్యాస్ వెల్డింగ్‌తో అతికిస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి.

వాసన లేదు, పొడి లేదు, బాయిలర్ బాగా కాలుతోంది, పైన కండెన్సర్ మాత్రం గోరువెచ్చగా కూడా లేదంటే లోపల దారి మూసుకుంది. ఫ్రిజ్‌ని విప్పి తలకిందులుగా పెట్టి ఒక రోజు ఉంచి, మళ్ళీ నిలబెట్టి ఇంకో రోజు ఆగి నడిపితే కొన్నిసార్లు దారి తెరుచుకుంటుంది. ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేం, కానీ ఖర్చు లేని పని కాబట్టి ప్రయత్నించడంలో తప్పు లేదు.

అదీ ఫలించకపోతే కొత్త కూలింగ్ యూనిట్ (వెనక పైపుల సెట్టు మొత్తం) కోసం వెతకడం కంటే 12 ఓల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కి మారడమే మనకి మేలని నా నమ్మకం. చిన్నవి నడిచేటప్పుడు సుమారు 40 నుంచి 60 వాట్లే తీసుకుంటాయి, ట్రైలర్ కప్పు మీద సోలార్ ప్యానెల్, ఒక మంచి బ్యాటరీ ఉంటే ఉక్కలోనూ ఢోకా లేదు. పాత ఫ్రిజ్ తీసేటప్పుడు దాని గ్యాస్ లైన్‌ని వంచి టేపు చుట్టి వదిలేయకండి. ఇత్తడి మూత బిగించి, సిలిండర్ తెరిచి, సబ్బు నురగతో పరీక్షించండి. పాత వెంట్లు మూసేసినా, ట్రైలర్‌లో స్టవ్ ఉన్నంతకాలం నేల దగ్గర గ్యాస్ బయటికి పోయే రంధ్రం ఒకటి తప్పకుండా ఉండనివ్వండి.